పోస్టు మీది బండముక్క

సముద్రానికి ఇంతవరకే అని హద్దు పెట్టిన దేవునికి స్తోత్రం. మేఘాలను మూటలుగా కట్టి, వాటిని ఎక్కడ విప్పాలో ఎరిగిన తండ్రికి స్తోత్రం. నల్లమల కొండలను నిలబెట్టినవాడు ఆయనే. వాటి సందుల్లోంచి వాగులను దింపినవాడూ ఆయనే. ఆయన చేతి పనిలో తప్పు లేదు. నేనిక్కడ రాయబోయే తప్పు నాది. ముందుగా ఆయనను స్తుతించకుండా దాన్ని రాసే ధైర్యం నాకు లేదు.

నేను రైల్వేలో పట్టాల పని చేస్తాను. నంద్యాల దాటి తూర్పుకు పోయే లైను, వరి పొలాలు అయిపోయాక, నల్లమల అడవిలోకి ఎక్కుతుంది. ఆ ఎక్కుడు మొదలయ్యే చోట మా గ్యాంగు. మా తర్వాత, కొండ వైపు గ్యాంగులో, మా అక్క భర్త పనిచేసేవాడు. మా బావ. నా ఇల్లు నంద్యాలలో. అక్కా బావల ఇల్లు ఆళ్లగడ్డలో. డ్యూటీ ఉన్నన్నాళ్ళూ బావ లైను పక్క గదిలో ఉండి, సెలవు దొరికితే మోటారు సైకిలు మీద ఆళ్లగడ్డకు పోయేవాడు.

తుఫాను సముద్రం మీద పుడుతుంది గానీ దాని నీళ్ళు మా కొండ మీద కూడా పడతాయి. అందుకే వానలకు ముందే మాకు చేతినిండా పని. కొండను తొలిచి లైను వేసిన చోట, పైన అంచు వెంట ఉండే కాలువలో పూడిక తీస్తాం. లేకపోతే కొండ నీళ్ళన్నీ పట్టాల మీదికే దూకుతాయి. వదులుగా ఉన్న బండలను గడ్డపారలతో కదిలించి ముందే కింద పడేస్తాం. కల్వర్టుల గొంతుల్లో ఇరుక్కున్న కంపచెట్లు, ప్లాస్టిక్ సంచులు లాగేస్తాం. వంతెన గోడల మీద ఎర్ర గీతకు మళ్ళీ రంగు వేస్తాం. నీళ్ళు ఆ గీతను తాకితే బండి ఆగాల్సిందే. ఇసుక మూటలు కట్టి గేటు గుడిసె పక్కన పేర్చి పెడతాం. ఇదంతా చేశాక కూడా నమ్మకం ఉండదు. ఎందుకంటే నీళ్ళు మనం కాలువ తీసిన చోటికే రావాలని లేదు.

అందుకే గస్తీ. వానాకాలమంతా రోజూ పొద్దున, తుఫాను హెచ్చరిక వస్తే సాయంత్రం కూడా, లైను మీద మనిషి నడవాలి. ఈ వైపు నుంచి నేను, ఆ వైపు నుంచి బావ. మధ్యలో ఒక కిలోమీటరు పోస్టు దగ్గర ఇద్దరం కలవాలి. కలిసి, ఒకరి పుస్తకంలో ఒకరం టైము రాసి సంతకం చేసి, వచ్చిన దారినే వెనక్కి నడవాలి. అవతలివాడు రాలేదనుకోండి, కాసేపు చూసి, వాడి దారిలోకే ముందుకు నడవాలి. వాడు కనపడేదాకా, లేదంటే వాడిని ఆపినది ఏదో కనపడేదాకా. గస్తీలో అసలు ప్రాణం ఆ ఒక్క నియమమే. మిగతాదంతా నడక.

ఆ నియమాన్ని మేమిద్దరం ఒక బండముక్కతో మార్చేశాం.

బావకు మోకాలు నొప్పి. ఎక్కుడులో నెమ్మదిగా నడిచేవాడు. ఒక వానాకాలం నేను ఆ పోస్టు దగ్గర తడుస్తూ చాలాసేపు ఎదురు చూశాను. మరుసటి రోజు నేను ఆలస్యమై బావ తడిశాడు. మూడో రోజు బావకు విసుగొచ్చింది.

"బామ్మర్దీ, నీ కోసరం నేను నిలబడేదీ, నా కోసరం నువ్వు నిలబడేదీ. మనం గస్తీ చేస్తాండామా, పెండ్లిచూపులకు వచ్చినామా?"

"ఏం చేయాలంటావ్ బావా?"

ఎవరో ట్రాలీ మీద తెచ్చి పడేసిన బేతంచెర్ల నాపరాయి ముక్క ఒకటి అక్కడ ఉండేది. అరచేయి కంటే కాస్త పెద్దది. నున్నగా, బరువుగా ఉండేది. బావ దాన్ని తీసి పోస్టు నెత్తిన పెట్టాడు.

"ముందొచ్చినోడు దీన్ని ఎక్కిస్తాడు. ఎనకొచ్చినోడు దించుతాడు. బండ పైనుంటే అవతలోడు వచ్చి పోయినట్టు. యాడ తప్పిపోతాది?"

"సంతకం?"

"సంతకం చేసేదానికి వానలోనే చేయాలని ఏమన్నా రాసుండాదా?"

అలా సంతకాలు ఆళ్లగడ్డకు పోయాయి. ఇద్దరికీ సెలవు కుదిరిన ఆదివారం నేను అక్క ఇంటికి పోయేవాణ్ణి. ఆరాధన అయ్యాక, జొన్నరొట్టెలు ఊరిబిండితో తిని, చాప మీద పుస్తకాలు పరిచి, వచ్చే వారానికంతా ఒకరి పుస్తకంలో ఒకరం సంతకాలు చేసేవాళ్ళం. టైములు కూడా వేసేవాళ్ళం. అన్నీ ఒకే మాదిరి ఉండకుండా ఒకటి రెండు నిమిషాలు అటూ ఇటూ మార్చేవాళ్ళం.

అక్క చూసి ఒకసారి అంది. "ఇప్పుడే కదప్పా దేవుని సన్నిధి నుంచి వచ్చినారు. వచ్చీ రాకముందే ఈ దొంగ సంతకాలేంది?"

బావ నవ్వాడు. "మన పేర్లు పరలోకంలో ముందే రాసుండాయి కదనే. ఈడ ముందే రాస్తే తప్పేముంది?"

నేను కూడా నవ్వాను. నేను ఆదివారపు బడిలో పిల్లలకు ఆజ్ఞలు కంఠస్థం చేయించేవాణ్ణి. అబద్ధ సాక్ష్యం గురించిన ఆజ్ఞ దగ్గర వాళ్ళు తడబడితే చెవి మెలిపెట్టేవాణ్ణి. ఆ నవ్వు ఇప్పటికీ నాకు వినిపిస్తుంది. నాదే, నా గొంతే.

ఆ ఏడు వానలు వెనక్కి పోయాయని అనుకున్నాక తుఫాను వచ్చింది. బుధవారం మధ్యాహ్నం ఇంజనీరు సారు దగ్గర నుంచి మా మేట్‌కు ఫోను వచ్చింది. ఆ సాయంత్రం నుంచే రెండు పూటలా గస్తీ వేయమని. మేట్ మా గ్యాంగు పెద్ద. జుట్టు నెరిసిన మనిషి. మాట కరుకు.

అదే సాయంత్రం మా వీధిలో కుటుంబ ప్రార్థన కూడా ఉంది. తుఫాను కోసమే మా సంఘం పాస్టరు అయ్యగారు పెట్టించారు. ప్రార్థన నడిపించాల్సింది నేను. వాన అప్పటికి సన్నగా పడుతోంది. నేను లైను మీద నడుస్తూ గడియారం చూసుకుంటున్నాను. పోస్టుకు ఇంకో ఫర్లాంగు ఉందనగా ఒక వంపు వస్తుంది. ఆ వంపు దగ్గర ఆగాను. ఇక్కడిదాకా లైను బాగానే ఉంది, అక్కడ మాత్రం ఏముంటుంది, బావ వచ్చి బండ ఎక్కించి పోయి ఉంటాడు, రేపు దించుకోవచ్చు అనుకున్నాను. నేను పోయేది సినిమాకు కాదు కదా, దేవుని పనికి కదా అని కూడా అనుకున్నాను. వెనక్కి తిరిగాను.

ప్రార్థనకు సమయానికి చేరాను. మోకరించి, లైను మీద నడిచేవాళ్ళ పాదాలు జారకుండా కాపాడమని ప్రార్థించాను. బావ మోకాలు తలచుకుని ఏడ్చాను. అందరూ ఆమేన్ అన్నారు. "నీ ప్రార్థనలో భారం ఉండాది నాయనా" అన్నారు అయ్యగారు. నాకు సంతోషమేసింది.

తెల్లవారేసరికి ఆకాశం మొత్తం కొండ మీదికి దిగింది. నేను వాన ఆగడానికి తల మీంచి యూరియా సంచి కొప్పెర వేసుకుని బయలుదేరాను. భుజాన సంచిలో ఎర్ర జెండాలు, డిటోనేటర్లు. డిటోనేటర్లంటే పట్టాకు కట్టే చిన్న డబ్బాలు. ఇంజను చక్రం ఎక్కితే పెద్ద శబ్దంతో పేలతాయి, డ్రైవరు బండి ఆపేస్తాడు. మెడలో ఈల. పక్క కాలువలు పొంగి పట్టాల కింది కంకర అంచుల మీదుగా పారుతున్నాయి. ప్రతి కల్వర్టు దగ్గరా వంగి చూశాను. నీళ్ళు ఎర్ర గీతకు ఇంకా జానెడు కిందే ఉన్నాయి. నేను ఆ పొద్దున పని ఎగ్గొట్టలేదు. అది చెప్పుకుని తప్పించుకోవాలని కాదు. పోస్టు దాకా పోయాను అని చెప్పడానికే.

పోస్టు నెత్తిన బండ ఉంది.

బావ వచ్చి పోయాడు అనుకున్నాను. ఇంత వానలో, ఆ మోకాలితో, నాకంటే ముందే వచ్చాడే అని సిగ్గుపడ్డాను కూడా. బండ దించి, పోస్టు మొదట్లో పెట్టాను. అప్పుడు కొండ వైపు నుంచి సన్నగా ఏదో వినిపించింది. ఈల లాగా. మళ్ళీ వినిపించింది. కరెంటు తీగల్లో గాలి అనుకున్నాను. నిజంగానే అలా అనుకున్నాను. వెనక్కి తిరిగి నడిచాను.

గేటు గుడిసె చేరి మేట్‌కు చెప్పాను. "లైను బాగుంది అన్నా. అవతల మనిషిని కలిసినా." ఆయన ఫోను తీసి ఆ మాటే స్టేషనుకు చెప్పాడు. కింది స్టేషనులో తెల్లవారుజాము నుంచి ఆపి ఉంచిన ప్యాసింజరు బండిని వదలడానికి వాళ్ళు ఎదురుచూస్తున్నది ఆ మాట కోసమే.

టీ గ్లాసు చేతిలోకి తీసుకున్నానో లేదో ఆళ్లగడ్డ నుంచి అక్క ఫోను చేసింది.

"ఏం రా, ఈడ వక్కిలేరు వాగు రోడ్డెక్కింది. మీ బావకు ఎంతసేపు చేసినా ఫోను కలుస్తాలేదు. కనపడినాడా?"

"కలిసినాం అక్కా. బాగుండాడు."

"నిజంగానా?"

"నిజమే అక్కా. కొండకాడ సిగ్నల్ ఉండదు కదా."

"దేవునికి స్తోత్రం. రాత్రంతా నిద్ర లేదు రా నాకు." ఆమె గొంతు తేలికపడింది. తర్వాత ఊరికే, మాట కలపడానికి అడిగింది. "రాత్రి నీ ప్రార్థన చానా బాగుండిందంట రా. అయ్యగారి భార్య ఫోను చేసి చెప్పింది. గస్తీకి పోయి అంత బిర్న ఎట్ల వచ్చినావ్?"

మళ్ళీ చేస్తా అక్కా అని ఫోను పెట్టేశాను. గ్లాసు కింద పెట్టాను. అంత తొందరగా ఎట్లా వచ్చాను? వంపు దగ్గర నుంచి తిరిగాను. పోస్టు దాకా పోలేదు. పోకపోతే బండ దించలేదు. నిన్న సాయంత్రం బావ ఎక్కించిన బండ రాత్రంతా పైనే ఉంది. నేను ఈ పొద్దున దించింది నిన్నటి బండ.

"అన్నా, బండి ఆపు" అన్నాను.

"ఏ బండి?" అన్నాడు మేట్.

"ఇప్పుడు వదలమని చెప్పిన బండి. ఆపు. బావను నేను కలవలే."

"కలిసినానంటివే!"

"కలవలే అన్నా. బండ చూసి వచ్చినా."

"ఏం బండ రా? ఏం మాట్లాడ్తాండావ్?"

చెప్పాను. రెండు మాటల్లో అయిపోయింది. ఆయన నన్ను కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది. ఫోను చెవికి పెట్టుకుని, ఆపండి సార్, లైను మీద నమ్మకం లేదు, బండి వదలొద్దు అని అరిచాడు. బండి అప్పుడే కదిలి, స్టేషను చివరి సిగ్నల్ దాటకముందే ఆగింది. దాంట్లో ఉన్నవాళ్ళు ఆలస్యానికి రైల్వేను తిట్టుకున్నారని తర్వాత విన్నాను. దేవుడు వాళ్ళను కాపాడాడు. వాళ్ళకు తెలియదు.

మేమిద్దరం పరుగెత్తాం. కంకర మీద పరుగు రాదు, పట్టాల కింద అడ్డంగా ఉండే స్లీపరు నుంచి స్లీపరుకు దూకాలి. మేట్ వెనక నుంచి "యాడన్నా చెట్టు కింద కూచోనుంటాడులే, మోకాలు పట్టుకోని" అంటున్నాడు. నాకోసం అంటున్నాడని తెలుసు. పోస్టు దాటాం. నేను దించిన బండ అక్కడే, మొదట్లోనే ఉంది. ఆ తర్వాత ఇంకో వంపు. పోస్టు నుంచి నాలుగు వందల అడుగులు ఉంటుంది, అంతకంటే ఎక్కువ కాదు. ఆ నాలుగు వందల అడుగులు నేను తర్వాత ఎన్నోసార్లు నడిచి లెక్కపెట్టుకున్నాను.

వంపు తిరగగానే పట్టాల మధ్య ఎర్ర జెండా కనపడింది. కంప కర్రకు కట్టి ఉంది. పట్టాకు డిటోనేటరు కట్టి ఉంది. దాని ముందు కల్వర్టు లేదు. గట్టు మొత్తం తెగిపోయింది. ఎర్రటి నీళ్ళు గర్జిస్తూ పోతున్నాయి. వాటి మీద రెండు పట్టాలు, వాటిని పట్టుకుని స్లీపర్లు, నులక తెగిన మంచంలా గాలిలో వేలాడుతున్నాయి. అవతలి గట్టు మీద కూడా ఒక ఎర్ర జెండా.

రెండు వైపులా జెండాలున్నాయి. మనిషి లేడు.

నడిమధ్య ఒక స్లీపరుకు ఇంకో యూరియా సంచి కొప్పెర తగులుకుని గాలికి కొట్టుకుంటోంది.

బావ అటు నుంచి వచ్చి, తెగిన గట్టు చూసి, తన వైపు జెండా కట్టాడు. ఈల వేశాడు. నేను వస్తానని. పోస్టు దగ్గర బండ కనపడకపోతే, ఇంత వానలో బామ్మర్ది బండ ఎక్కించి ఊరికే పోడు, అసలు నియమం ప్రకారం ముందుకు నడుచుకుంటూ వస్తాడని. నేను రాలేదు. బండి వచ్చేది నంద్యాల వైపు నుంచి అని బావకు తెలుసు. ఆ వేలాడే పట్టాల మీద, ఆ మోకాలితో, పాకుతూ దాటి వచ్చి ఈ వైపు కూడా జెండా కట్టాడు. కొండ మీది నుంచి కూడా బండి రావచ్చు కాబట్టి అటు డిటోనేటర్లు కూడా కట్టడానికి తన వైపుకు మళ్ళీ పోబోయి ఉంటాడని ఇంజనీరు సారు అన్నారు. ఎవరూ చూడలేదు.

నేను "బావా" అని అరిచాను. నా గొంతు నాకే వినపడలేదు. ఈల ఊదాను. ఇప్పుడు ఊదాను.

మధ్యాహ్నానికి మనుషులు వచ్చారు. పోలీసులు, అడవి శాఖవాళ్ళు, కింది పల్లెల వాళ్ళు వాగు వెంట తాళ్ళు పట్టుకుని వెతకడానికి దిగారు. నేను వాళ్ళతో దిగబోతే మేట్ నా చేయి పట్టుకున్నాడు. "నీకు ఈత రాదు. ఈడ చేతులు కావాల." అలా నేను గట్టు మీదే ఉండిపోయాను.

తెగిన లైనును రైల్వే ఎలా నిలబెడుతుందో ఎన్నోసార్లు గర్వంగా పిల్లలకు చెప్పాను. ఆ రెండు రోజులూ దాన్ని లోపలి నుంచి చూశాను. డోన్ వైపు నుంచి బండరాళ్ళ వ్యాగన్లు వచ్చాయి. ఎక్కడెక్కడి గ్యాంగులూ దిగాయి. నీళ్ళు తగ్గే కొద్దీ ముందు పెద్ద బండలు దొర్లించారు. వాటి మీద ఇసుక మూటలు. వాటి మీద పాత చెక్క స్లీపర్లను అడ్డం నిలువుగా పేర్చి, వేలాడే పట్టాలకు కింద నుంచి ఆసరా ఇచ్చారు. ఆపైన కంకర. వరుసగా నిలబడి చేతి నుంచి చేతికి మూటలు అందించాం. నేను వరుసలో ముందు, నీళ్ళ అంచున నిలబడ్డాను. ప్రతి బండా దొర్లుతున్నప్పుడు కళ్ళు మూసుకున్నాను. దాని కింద బావ ఉంటే? ప్రతి మూటకూ ఒక ప్రార్థన చేశాను. అది ప్రార్థనో, బేరమో ఇప్పుడు చెప్పలేను. తండ్రీ, కాలు తీసుకో, మనిషిని ఇయ్యి. రెండు కాళ్ళూ తీసుకో, ఊపిరి ఉంచు. నా కాళ్ళు తీసుకో.

ఆకాశం మాట్లాడలేదు. అంత కాలం వాక్యం చదివాను, అంత మందికి ఓదార్పు చెప్పాను. నోట్లో ఒక్క వచనం కూడా నిలవలేదు.

జేబులో ఫోను మోగుతూనే ఉంది. అక్క. మేట్‌కు ఇచ్చాను. "గట్టు తెగిందమ్మా. మీ ఆయన కనపడ్తాలేడు. ఎతుకుతాండారు" అన్నాడు ఆయన. అక్క ఏమందో నాకు వినపడలేదు. ఆయన ముఖం చూస్తే తెలిసింది. ఫోను తిరిగి ఇస్తూ ఆయన అన్నాడు. "పొద్దున నువ్వు కలిసినాక తెగిందని అనుకుంటాండాది." ఆమెకు దారి లేదు. వక్కిలేరు ఇంకా రోడ్డు మీదే ఉంది.

శుక్రవారం సాయంత్రం ఒక ఖాళీ ఇంజనును నడిచే మనిషంత నెమ్మదిగా ఆ గట్టు మీద నడిపించారు. ఇంజనీరు సారు వంగి పట్టా కిందే చూస్తున్నారు. పట్టా కాస్త కుంగింది, లేచింది. ఇంజను దాటిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరో నా భుజం కూడా తట్టారు. లైను లేచింది. రెండు రోజుల్లో లేచింది. నేను కంకర మీద కూర్చున్నాను.

శనివారం పొద్దున మేకలు కాసేవాళ్ళు చూశారు. చాలా కిందికి, అడవిలో రాతికట్ట దగ్గర. ఈల తాడు మణికట్టుకు చుట్టి ఉంది.

వాగు తగ్గాక వ్యానులో ఆళ్లగడ్డకు తీసుకుపోయాం. అక్క వాకిట్లో నిలబడి ఉంది. ఏడవలేదు. నన్ను పక్కకు పిలిచింది.

"కడసారి కలిసింది నువ్వే కదా రా. పొద్దున ఏమన్నాడు?"

నేను ఏమీ అనకుండా ఉండగలిగేవాణ్ణి. ఆమె కళ్ళలోకి చూశాను. నా నోరు తెరుచుకుంది. "నిన్ను భయపడొద్దని చెప్పమన్నాడు అక్కా. నేను దేవుని చేతిలో ఉండా అన్నాడు."

అప్పుడు ఏడ్చింది. ఆ మాట పట్టుకుని ఏడ్చింది. సమాధి దగ్గర అయ్యగారు ఆ మాట మీదే వాక్యం చెప్పారు. అందరూ నా వైపు చూశారు, ఆ కడసారి మాటను మోసుకొచ్చిన మనిషిని చూసినట్టు.

పది రోజుల తర్వాత విచారణకు నా గస్తీ పుస్తకం తెమ్మన్నారు. బావ పుస్తకం వాగులో పోయింది. నాది తెరిచాను. గురువారం పొద్దున, బావ సంతకం. శుక్రవారం, బావ సంతకం. శనివారం పొద్దున ఆరు గంటల రెండు నిమిషాలకు, మేకలు కాసేవాళ్ళు అతన్ని చూసిన పూట, నన్ను పోస్టు దగ్గర కలిసినట్టు బావ సంతకం.

ఆ పుస్తకం పట్టుకుని ముందు ఆళ్లగడ్డకు పోయాను. అక్క ఇంట్లో లేదు. శిల్పాలు చెక్కేవాళ్ళ షెడ్డు దగ్గర ఉందన్నారు. సమాధి రాయి చెక్కిస్తోంది. ఊరంతా దేవుళ్ళ బొమ్మలు చెక్కే ఆ ఉలులలో ఒకటి మా బావ పేరు మీద ఆడుతోంది. పేరు అయిపోయింది. దాని కింద వరుస కూడా అయిపోయింది. భయపడవద్దు, నేను దేవుని చేతిలో ఉన్నాను.

అక్కడే, ఆ రాతి పొడిలో నిలబడి చెప్పాను. బండ గురించి, వంపు గురించి, ఈల గురించి, ఆ మాట గురించి. పుస్తకం చేతికిచ్చాను. అక్క శనివారం సంతకం మీద వేలు పెట్టింది.

"ఆ పొద్దు ఫోన్లో బాగుండాడంటివే" అంది. "ఫోను పెట్టేసి నేను మోకాళ్ళ మీద పడినా రా. దేవునికి స్తోత్రం చెప్తాండా. ఆయన ఆడ నీళ్ళల్లో పోతాంటే నేను ఈడ స్తోత్రం చెప్తాండా. అబద్ధానికి నా చేత స్తోత్రం చెప్పించినావ్."

తర్వాత శిల్పి వైపు తిరిగింది. "ఈ కింది వరుస తీసేయప్పా."

"రాయి గుంట పడ్తాదమ్మా."

"పడనీ."

ఇప్పుడు ఆ సమాధి రాయి మీద పేరు కింద ఒక తెల్లటి గుంట ఉంది. వాన పడితే దాంట్లో నీళ్ళు నిలుస్తాయి.

విచారణలో అంతా చెప్పాను. కొన్ని నెలలు పని నుంచి తీసేసి ఉంచారు. తర్వాత తిరిగి చేర్చుకున్నారు. సంఘంలో కూడా లేచి చెప్పాను. అయ్యగారు క్షమాపణ గురించి మాట్లాడారు. దేవుడు క్షమించాడని నేను నమ్ముతున్నాను, ఎందుకంటే ఆయన మాట ఇచ్చాడు. నాకు కలిగిన నెమ్మది చూసి కాదు. నాకు నెమ్మది కలగలేదు. నేను పోస్టు దగ్గర బండ దించిన వేళకు బావ బతికే ఉన్నాడా అన్న ఒక్క ప్రశ్నకు ఆయన ఇంతవరకూ జవాబు ఇవ్వలేదు.

బావ ఉద్యోగం అక్కకు ఇచ్చారు. ఆఫీసులో కూర్చునే పని అడగమని అందరూ చెప్పారు. ఆమె లైను మీదే అడిగింది. ఆడమనిషికి గస్తీ ఎందుకమ్మా అంటే, పగటి గస్తీ అయినా వేయమని పట్టుబట్టింది. ఆళ్లగడ్డ ఇంటికి తాళం వేసి లైను పక్క గదిలోనే ఉంటోంది. ఆ నాపరాయి ముక్కను ఆమె వచ్చిన మొదటి రోజే ఎత్తి కాలువలోకి విసిరేసింది.

ఇప్పుడు వాన కాలంలో పోస్టు దగ్గర మేమిద్దరం కలుస్తాం. ఎవరు ముందొస్తే వాళ్ళు నిలబడతారు. ఆమె నా పుస్తకంలో టైము రాసి సంతకం చేస్తుంది. నేను ఆమె పుస్తకంలో చేస్తాను. తడిసిన కాగితం మీద సిరా పాకుతుంది. ఆమె నాతో ఒక్క మాట మాట్లాడదు. ఒక్కసారి, కిందటి ఏడు, నేను బాగా ఆలస్యమయ్యాను. పోస్టు దగ్గర ఆమె లేదు. నా వైపుకే, నా దారిలోకే, నన్ను వెతుక్కుంటూ నడిచి వస్తోంది. నన్ను చూసి ఆగింది. పుస్తకం చాపింది. అంతే.

ఈ పూట మళ్ళీ హెచ్చరిక వచ్చింది. కొండ మీద ఆకాశం అదే రంగులో ఉంది. ఇది రాసి లేచి బయలుదేరాలి. చదువుతున్నవారా, నా కోసం కాకపోయినా సరే, మీరున్న చోటే ఒక్క క్షణం నాతో కలిసి తల వంచండి. తండ్రీ, నీళ్ళకు హద్దు పెట్టినవాడా, ఈ పూట లైను మీద ఆ వైపు నుంచి నడిచే ఆమె పాదాలను నిలుపు. నేను పోస్టు దగ్గర నిలబడి ఉండగా ఆ వంపు తిరిగి ఆమె కనపడనియ్యి. కనపడకపోతే, ముందుకు నడవడానికి నా కాళ్ళకు బలమియ్యి. ఆమేన్ మీరు అనండి. నా నోట ఆ మాట ఇంకా పూర్తిగా రావడం లేదు.